నాన్‌జింగ్ పంతులు, ముడుమాల సిద్ధయ్య: మీకు తెలుసా?

చైనాలో కన్ఫ్యూషియస్ మాటలతో ఇస్లాం పాఠాలు చెప్పిన గురువులు ఉండేవారని ప్రొద్దుటూరు బజారులో ఎవరికైనా చెప్పి చూడండి. "అదెట్లా కుదురుతుందబ్బా?" అంటారు. అదే మనిషిని బ్రహ్మంగారి శిష్యుల్లో ముఖ్యుడెవరని అడిగితే తడుముకోకుండా సిద్ధయ్య పేరు చెబుతారు. దూదేకుల ఇంట పుట్టిన పిల్లవాడు మఠంలో కూర్చుని యోగం నేర్చుకోవడం మనకు వింత కాదు, చైనా సంగతి మాత్రం వింత! నిజానికి రెండూ ఒక జాతి పనులే. కొత్త చదువును పాత ఇంటి మర్యాదలో కూర్చోబెట్టి చెప్పడమే రెండు చోట్లా జరిగింది. అక్కడివీ ఇక్కడివీ కలిపి కొన్ని ముచ్చట్లు.

1. రెండు చోట్లా కాలం దాదాపు ఒకటే

1642లో నాన్‌జింగ్ పండితుడు వాంగ్ దైయూ ఇస్లాం గురించి చైనా భాషలో పెద్ద పుస్తకం వెలువరించాడు. పదేళ్ల తర్వాత, 1652లో, ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే జమ్మలమడుగు పక్కనున్న గండికోటకు వచ్చి, కోటను కొత్తగా గెలుచుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. 1683లో బీదరు నుంచి పీరుల్లా హుసేనీ అనే సూఫీ గురువు కడపకు వచ్చారని పెద్ద దర్గా చరిత్ర చెబుతుంది. 1693లో పోతులూరి వీరబ్రహ్మం కందిమల్లాయపల్లెలో సజీవ సమాధి పొందారని మఠం సంప్రదాయం. 1704లో నాన్‌జింగ్‌కే చెందిన లియు జి తన ప్రసిద్ధ గ్రంథాన్ని లోకానికి ఇచ్చాడు. ఇదంతా 62 ఏళ్ల లోపు సంగతి. ఆ ఊరివాళ్లకు ఈ ఊరి పేరు తెలియదు, ఈ ఊరివాళ్లకు ఆ ఊరి పేరు తెలియదు.

2. మఠంలో తొలిపీట దూదేకుల బిడ్డది

సిద్ధయ్యది కడప జిల్లా ముడుమాల. తల్లిదండ్రులు పీరు సాహెబు, ఆదంబీ అని మఠం కథలు చెబుతాయి. పిల్లవాడు బ్రహ్మంగారి దగ్గరికి చేరి ఇంటికి తిరిగి రానన్నాడు. గురువు శరీరంలోని చక్రాల గురించి, ప్రాణం రాకపోకల గురించి చెప్పిన పాఠాలు ఎక్కువగా సిద్ధయ్యను ఎదుట కూర్చోబెట్టుకుని చెప్పినవే. కందిమల్లాయపల్లెను ఇప్పుడు బ్రహ్మంగారిమఠం అంటున్నాం, మండలానికీ అదే పేరు. ముడుమాలలో సిద్ధయ్యకు విడిగా మఠం ఉంది. గురువుది కంసాలుల ఇల్లు, శిష్యుడిది దూది ఏకేవాళ్ల ఇల్లు. చేతిపని చేసే కులాల మధ్య నడిచిన చదువు కాబట్టి సంస్కృతం రాకపోయినా, అరబీ రాకపోయినా పాఠానికి అడ్డు కాలేదు. పలుకుబడి తెలుగు చాలింది.

1984లో ఎన్టీ రామారావు బ్రహ్మంగారి చరిత్రను సినిమాగా తీసి, తానే బ్రహ్మంగారి వేషం వేసి, సిద్ధయ్య వేషం కొడుకు బాలకృష్ణకు ఇచ్చారు. నేటి తరానికి సిద్ధయ్య అంటే కళ్లముందు కదిలేది ఆ బొమ్మే.

3. పాఠం చాటుగా విన్నవాడి కథ ఒకటుంది

బ్రహ్మంగారు సిద్ధయ్యకు శరీరంలో షట్చక్రాలు, వాటిలో దేవతలు ఉంటారని చెబుతుంటే, కక్కయ్య అనే మాదిగ చాటునుంచి విన్నాడట. నిజమో కాదో చూద్దామని ఇంటికి పోయి భార్య శరీరాన్నే కోసి చూశాడట. ఏమీ కనిపించక, గురువు అబద్ధం చెప్పాడని కోపంతో వస్తే, బ్రహ్మంగారు ఆ దేవతలను చూపించి, ఆమెను బతికించి, కక్కయ్యను శిష్యుడిగా చేర్చుకున్నారని కథ. వినడానికి ఒళ్లు జలదరించే కథే. కానీ ఇందులో చదువు గురించి గట్టి ఆరోపణ ఉంది: గురువు ఎదుట కూర్చోనివ్వని వాడికి మాట అందుతుంది, అర్థం అందదు. కక్కయ్య కథను సిద్ధయ్య కథ పక్కన పెట్టి చెప్పుకోవడం ఊరికే జరిగింది కాదు.

4. నవాబు పరీక్ష పెట్టాడట

కొడుకు మఠంలో చేరిపోయాడని తండ్రి కడప నవాబుకు మొర పెట్టుకుంటే, నవాబు సిద్ధయ్యను పిలిపించి నీ గురువు మహిమ చూపమన్నాడని, సిద్ధయ్య నమస్కారం పెడితే బండరాయి పగిలిపోయిందని జనం చెప్పుకుంటారు. కడపలో మయానా నవాబుల ఏలుబడి గట్టిపడింది 18వ శతాబ్దం మొదట్లో. అంటే బ్రహ్మంగారి తర్వాతి తరాలు తమ కాలపు నవాబును పాత కథలోకి తెచ్చి కూర్చోబెట్టి ఉండవచ్చు. ఎందుకంటే గురుశిష్యుల మధ్య ఏలేవాడు తలదూరిస్తే ఏమవుతుందన్న ప్రశ్న ప్రతి తరానికీ ఉంటుంది. ఈ జాబితాలో ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది.

5. చైనా మదరసాకు మూలపురుషుడు మొదట కన్ఫ్యూషియస్ విద్యార్థి

షాన్‌షీ ప్రాంతపు హు దెంగ్‌జోవ్ 1522లో పుట్టి 1597లో పోయాడు. చిన్నతనంలో చదివింది కన్ఫ్యూషియస్ గ్రంథాలు. తర్వాత అరబీ, ఫారసీ నేర్చుకున్నాడు. అప్పటికి చైనా ముస్లింలు తరతరాలుగా అక్కడే ఉండి, ఇంట్లో చైనా భాషే మాట్లాడుతున్నారు. పిల్లలకు నమాజు సూరాలు నోటికి వచ్చేవి, అర్థం మాత్రం తెలిసేది కాదు. ఆయన ఇంట్లోనే బడి పెట్టి, శిష్యులకు తిండి, పడక చూసుకుంటూ, అరబీ గ్రంథాన్ని చైనా మాటల్లో విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు. శిష్యులు ఊళ్లకు పోయి మసీదుల్లో అలాంటి బడులే పెట్టారు. మన వీధిబడికీ దానికీ తేడా పలకల మీద ఉన్న లిపిలోనే.

6. వాంగ్ దైయూ ముప్పుతిప్పలు

వాంగ్ దైయూ పూర్వీకుడు మింగ్ వంశపు తొలి చక్రవర్తి కాలంలో అరబ్బు దేశం నుంచి కానుకలతో వచ్చి, గ్రహగణితం తెలిసినవాడు కావడంతో కొలువులో ఉండిపోయాడట. ఎన్నో తరాలు గడిచాక పుట్టిన ఈయనకు మతగ్రంథాలు వచ్చు గానీ, చైనా సాహిత్యం రాదు. బయటి పండితులతో వాదనకు దిగితే తన మాట వాళ్లకు ఎక్కడం లేదని గ్రహించి, పెద్దవాడయ్యాక కన్ఫ్యూషియస్, బౌద్ధ, తావో గ్రంథాలు పట్టుకున్నాడు. కన్ఫ్యూషియస్ బడుల్లో తొలిపాఠంగా చదివే 'మహావిద్య' అనే చిన్న గ్రంథం పేరునే తన మరో పుస్తకానికి పెట్టుకుని 'ఇస్లాం మహావిద్య' రాశాడు. పేరు చూడగానే చదువుకున్న చైనీయుడికి తన బడి గుర్తుకొస్తుంది. అదే ఆయన ఎత్తు.

7. లియు జి చదువు లెక్క

లియు జి తన చదువు గురించి తానే రాసుకున్నాడు. కన్ఫ్యూషియస్ గ్రంథాలకు 8 ఏళ్లు, అరబీ ఫారసీ గ్రంథాలకు 6 ఏళ్లు, బౌద్ధానికి 3, తావో మతానికి 1. ఆ పైన యూరప్ పాద్రీలు చైనా భాషలో తెచ్చిన పుస్తకాలు కూడా తిరగేశాడు. ఇంత చదివాక రాసిన మూడు పెద్ద గ్రంథాల్లో ఒకటి సృష్టితత్త్వం గురించి, ఒకటి ఆచారధర్మాల గురించి, ఒకటి ప్రవక్త జీవితం గురించి. మొదట తత్త్వం, తర్వాత ఆచారం, చివర మనిషి. విద్యార్థి ఎక్కాల్సిన మూడు మెట్లు. ఇలా చైనా భాషలో ముస్లిం పండితులు రాసిన గ్రంథాలన్నిటినీ కలిపి 'హాన్ కితాబ్' అంటారు.

8. ఐదు బంధాలు, ఐదు విధులు

కన్ఫ్యూషియస్ సంప్రదాయం మనిషి జీవితాన్ని ఐదు బంధాల్లో చూస్తుంది: రాజు–సేవకుడు, తండ్రి–కొడుకు, భర్త–భార్య, అన్న–తమ్ముడు, స్నేహితుడు–స్నేహితుడు. ఇస్లాంలో ఐదు విధులు: విశ్వాస ప్రకటన, నమాజు, రోజా, జకాత్, హజ్. చైనా ముస్లిం పండితులు ఈ రెండు ఐదుల్నీ పక్కపక్కన నిలబెట్టారు. విధులు మనిషిని దేవుడితో కలుపుతాయి, బంధాలు మనిషిని మనుషులతో కలుపుతాయి, రెండూ కలిస్తేనే ధర్మం పూర్తవుతుందని పాఠం. అమ్మానాన్నలను గౌరవించమని కన్ఫ్యూషియస్ చెప్పిందీ ఖురాన్ చెప్పిందీ ఒకటే కదా అని విద్యార్థి తానే తెలుసుకునేలా చెప్పేవారు. తల్లి, తండ్రి, గురువు, దైవం అన్న వరస విని పెరిగిన మనకు ఈ పాఠం అర్థం కావడానికి నిమిషం చాలు.

9. అన్నీ కలిపేయలేదు

ఈ పండితులు అన్ని మతాలూ ఒకటే అన్నవారు కారు. దేవుడు ఒక్కడే అన్న చోట ఒక్క అడుగూ వెనక్కి వేయలేదు. బుద్ధ విగ్రహాల పూజను గట్టిగా ఖండించారు. కన్ఫ్యూషియస్ చెప్పింది సరైనదే, అయితే పుట్టుకకు ముందు ఏముంది, చావు తర్వాత ఏముంది అన్నది ఆయన వదిలేశాడని, ఆ ఖాళీని ఇస్లాం నింపుతుందని వారి వాదన. రాజుకూ తల్లిదండ్రులకూ విధేయత ఉండాల్సిందే, అన్నిటికన్నా ముందు సృష్టికర్తకు ఉండాలని వాంగ్ దైయూ వరస చెప్పాడు.

బ్రహ్మంగారి మఠం దారి వేరు. అక్కడ గురువే గమ్యానికి గుర్తు. ఏ మతంవాడివన్న ప్రశ్న వెనక్కి పోయింది. నాన్‌జింగ్‌లో కలయిక గ్రంథంలో జరిగింది, గీత గీసి మరీ కలిపారు. కందిమల్లాయపల్లెలో మనుషుల మధ్య జరిగింది, గీత చెరిపి కలిపారు.

10. చక్రవర్తి అధికారులకే చీవాట్లు పెట్టాడు

1782లో హై ఫురున్ అనే ముస్లిం విద్యార్థిని గ్వాంగ్‌షీలో పట్టుకుని సోదా చేస్తే లియు జి పుస్తకాలు దొరికాయి. ఇవేవో రాజద్రోహపు రాతలని స్థానిక అధికారి గగ్గోలు పెట్టాడు. ఆ గొడవ చియన్‌లోంగ్ చక్రవర్తి దాకా పోయింది. ఆ పుస్తకాల్లో తప్పేమీ లేదు, ఊరికే జనాన్ని వేధించవద్దని చక్రవర్తి అధికారులను మందలించి విద్యార్థిని విడిపించాడు. కన్ఫ్యూషియస్ మర్యాదలో రాయడం వల్ల పుస్తకానికి కలిగిన రక్షణ అది. లియు జి రాసిన ఆచారధర్మాల గ్రంథం పేరు చక్రవర్తి చేయించిన మహాగ్రంథసూచిలో కూడా ఎక్కింది.

11. హుసేనప్పకూ 'మా'కూ చుట్టరికం

దూదేకులను నూర్‌బాషాలనీ పింజారులనీ లద్దాఫులనీ కూడా అంటారు. వీరి ఇంటి భాష తెలుగు. హుసేనప్ప, ఇమామమ్మ, దస్తగిరమ్మ వంటి పేర్లలో ముందు భాగం అరబ్బు దేశానిది, వెనక భాగం మన పల్లెది. చైనా ముస్లింలలో 'మా' అనే ఇంటిపేరు చాలా ఎక్కువ. ముహమ్మద్ పేరులోని మొదటి ధ్వనికి దగ్గరగా ఉన్న చైనా ఇంటిపేరును ఎంచుకున్నారని చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో దూదేకులు వెనుకబడిన తరగతుల జాబితాలో బి గ్రూపులో ఉన్నారు. ఇటు పూర్తిగా ముస్లింలు కారని కొందరు, అటు పూర్తిగా మనవాళ్లు కారని కొందరు అనే మాటలు వాళ్లు తరతరాలుగా పడుతూనే ఉన్నారు. రెండు సంప్రదాయాల మధ్య నిలబడ్డవాళ్లకు పొగడ్తలతో పాటు ఈ భారమూ ఉంటుంది.

12. అక్కడా ఇక్కడా ఒకే పాఠ్యపుస్తకం

షిరాజ్ కవి సాదీ 1258లో రాసిన 'గులిస్తాన్' చైనా మసీదు బడుల పాఠ్యక్రమంలో ఉండేది. మన దేశంలో ఫారసీ నేర్పే మున్షీలూ తొలినాళ్లలో పట్టించింది ఆ పుస్తకమే. కాబట్టి ఆ కాలంలో ఒక చైనా కుర్రాడూ ఒక దక్కన్ కుర్రాడూ ఎదురుపడి ఉంటే, మాట్లాడుకోవడానికి భాష లేకపోయినా చెప్పుకోవడానికి ఉమ్మడి కథలు ఉండేవి.

ఇంకో సంగతి. 18వ శతాబ్దంలో లక్నో ఫరంగీమహల్ పండితుడు ముల్లా నిజాముద్దీన్ పేరుమీద స్థిరపడి, దేశమంతా మదరసాలకు పాకిన 'దర్సె నిజామీ' పాఠ్యక్రమంలో తర్కశాస్త్రానికి పెద్ద పీట. ఆ తర్కం మూలాలు అరిస్టాటిల్ దగ్గర ఉన్నాయి. 'ఇసాగోజీ' అనే చిన్న పుస్తకం పేరే గ్రీకు. మదరసా చదువు అంటే ఒకే దేశపు ఒకే పుస్తకం అనుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

13. పీర్ల సావిడి కూడా బడే

పులివెందుల, జమ్మలమడుగు పల్లెల్లో మొహర్రం అంటే పీర్ల పండుగ. సావిడి ముందు గుండం తవ్వి నిప్పులు పోస్తారు. సరిగెత్తు రోజు పీర్లు ఊరేగుతాయి. ఇంటింటి నుంచి చక్కెర, మలీదా చదివింపులకు వస్తాయి. చివరికి పీర్లు జలధికి పోతాయి. పీరును ఎత్తుకునేవాళ్లలో, గుండం తొక్కేవాళ్లలో, మొక్కుకునేవాళ్లలో హిందువులు చాలామంది. కొన్ని పల్లెల్లో ముస్లిం ఇల్లు ఒక్కటీ లేకపోయినా పండుగ ఆగదు. క్రీ.శ. 680లో కర్బలాలో ఇమాం హుసేన్ అమరుడైన కథ మన పల్లె పిల్లలకు చేరింది పుస్తకం ద్వారా కాదు, గుండం చుట్టూ అడుగులు వేస్తూ పాడే తెలుగు పాటల ద్వారా. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీరు దర్శనానికి జనం వేలల్లో వస్తారు. ఆ పీరును చూసి పక్కనే ఉన్న ఆంజనేయుడికీ మొక్కి పోతారు.

14. ఉగాది నాడు ఆడపడుచు ఇంటికి

దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడిని తిరుమలకు తొలి గడప అంటారు. ఉగాది నాడు అక్కడ ముస్లిం కుటుంబాలు బారులు తీరి, స్వామికి కానుకలు సమర్పించి, తీర్థప్రసాదాలు తీసుకుపోతాయి. స్వామి చేపట్టిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచని, కాబట్టి ఆయన తమ అల్లుడని నమ్మకం. దేవుడి గురించి సిద్ధాంతం చెప్పి ఒప్పించడం కష్టం. చుట్టరికం కలిపితే వాదన ఉండదు, కొత్త సంవత్సరానికి అల్లుడి ఇంటికి పోవడమే ఉంటుంది. అదే నగరంలో పీరుల్లా హుసేనీ నెలకొల్పిన పెద్ద దర్గా ఉరుసుకు అన్ని మతాలవారూ వస్తారు. సంగీత దర్శకుడు ఏ.ఆర్. రెహమాన్ అక్కడికి తరచూ వచ్చే భక్తుల్లో ఒకరు. దర్గా గురువును మన పత్రికలు పీఠాధిపతి అనే రాస్తాయి.

15. ఆడవాళ్ల మసీదు, మనవరాలి మఠం

చైనాలో హెనాన్ ప్రాంతంలో ఆడవాళ్లకు ప్రత్యేకంగా మసీదులున్నాయి, వాటిని నడిపే ఆడ గురువులున్నారు. కైఫెంగ్ నగరంలో ఒక ఆడవాళ్ల మసీదు 1820 నుంచి ఉంది. మొదట ఇవి ఆడపిల్లలకు మతం నేర్పే బడులు. తర్వాత మసీదులయ్యాయి. బిడ్డకు తొలి గురువు తల్లి కాబట్టి తల్లికి చదువుండాలన్నది వాళ్ల తర్కం. మన దగ్గర బ్రహ్మంగారి మనవరాలు ఈశ్వరమ్మ తాతగారి బోధను ఊరూరా తిరిగి చెప్పిందని సంప్రదాయం. బ్రహ్మంగారిమఠంలో ఈశ్వరీదేవి మఠం విడిగా ఉంది.

16. ప్రొద్దుటూరు శివుడు, వైష్ణవ కవి, ముస్లిం శిష్యుడు

పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) శ్రీవైష్ణవులు. ప్రొద్దుటూరులో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు అగస్త్యేశ్వర ఆలయంలో ప్రదక్షిణలు చేస్తూ 'శివతాండవం' రాశారు. సిద్ధవటంలో పుట్టిన శశిశ్రీ (అసలు పేరు రహంతుల్లా) ఆయనకు శిష్యుడు. 'సాహిత్యనేత్రం' పత్రిక నడిపి, గురువు జీవితం మీద పుస్తకం కూడా రాశారు. పులివెందుల పక్కనే ఉన్న వేంపల్లె నుంచి వచ్చిన వేంపల్లె షరీఫ్ తన 'జుమ్మా' కథల సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నారు. శుక్రవారం నమాజు, సీమ పల్లె, అమ్మ బెంగ అన్నీ ఆ పుస్తకంలో తెలుగులోనే ఉన్నాయి.

17. పిఠాపురం మౌల్వీ, అనంతపురం పంతులు

ఉమర్ ఆలీషా (1885–1945) పిఠాపురంలో ఆధ్యాత్మిక పీఠానికి అధిపతి. ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఫారసీ నుంచి నేరుగా తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. సూఫీ తత్త్వాన్నీ వేదాంతాన్నీ ఒకే సభలో బోధించారు, కేంద్ర శాసనసభలో సభ్యుడిగానూ ఉన్నారు. ఎదురుగా మరో బొమ్మ: అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను తెలుగులోకి అనువదించారు. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలకు 'రాయలసీమ' అన్న పేరు సూచించింది కూడా ఆయనేనంటారు. వేదాంతం చెప్పే మౌల్వీ ఒకవైపు, ఖురాన్ తెలుగు చేసే పంతులు మరోవైపు. ఇద్దరికీ కావలసింది ఒకటే: చదివేవాడికి సొంత భాషలో అర్థం కావాలి.

18. చైనా పుస్తకం కాన్పూరులో అచ్చయింది

లియు జి సృష్టితత్త్వ గ్రంథంలోని మూలభాగాన్ని యున్నాన్ పండితుడు మా లియన్‌యువాన్ 19వ శతాబ్దంలో అరబీలోకి మార్చి వ్యాఖ్యానం రాశాడు. ఆ వ్యాఖ్యానం మన దేశంలోని కాన్పూరులో అచ్చయింది. అరబీ, ఫారసీ నుంచి చైనా భాషలోకి పోయిన భావాలు, కన్ఫ్యూషియస్ మర్యాద నేర్చుకుని, మళ్లీ అరబీలోకి వచ్చి, భారతదేశపు అచ్చుయంత్రం ఎక్కాయి.

19. సింగపూరులో బడిగంటకు కట్టేస్తే

1984లో సింగపూరు ప్రభుత్వం ఉన్నత పాఠశాల పిల్లలకు మతజ్ఞానాన్ని తప్పనిసరి చేసింది. బైబిలు, బౌద్ధం, హిందూమతం, ఇస్లాం, సిక్కుమతం, కన్ఫ్యూషియస్ నీతి. వీటిలో ఒకటి ఎంచుకోవాలి. అక్కడి తెలుగువాళ్ల పిల్లలకూ ఇదే నిబంధన. కన్ఫ్యూషియస్ పాఠాల కోసం అమెరికా నుంచి తు వెయ్‌మింగ్ వంటి పండితులను పిలిపించారు. ఇక్కడ కన్ఫ్యూషియస్, ఇస్లాం ఒకే పాఠ్యప్రణాళికలో ఉన్నా, ఒకే తరగతిలో లేవు. ఎవరి గది వారిదే. మతాల మధ్య పోటీ పెరుగుతోందన్న ఆందోళనతో 1989లో నిర్బంధాన్ని వదులుకోవాలని నిర్ణయించి, తర్వాత అందరికీ ఒకే పౌరనీతి పాఠం పెట్టారు.

20. ఒప్పుకోనివారూ ఉన్నారు

మా వాన్‌ఫు అనే పండితుడు మక్కాలో చదివి, 19వ శతాబ్దం చివర చైనాకు తిరిగివచ్చి, చైనా ఆచారాలు కలిసిన ఇస్లాం ఇస్లాం కాదని ఉద్యమం లేవదీశాడు. మన దగ్గరా పీర్ల పండుగ మతంలో లేదని చెప్పే ఉలేమాలున్నారు, పీర్లకు మొక్కడమేమిటని అడిగే హిందూ సంఘాలూ ఉన్నాయి. వాళ్ల అభ్యంతరాన్ని ఊరికే కొట్టేయలేం: కలిపే చోట ఏదో ఒకటి పలచబడుతుందన్న భయం వాళ్లది. లియు జి వంటివారు గీత గీసుకుని కలిపింది ఆ భయం తెలిసే.

21. చూసి రావాలనుకునేవారికి

ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు మీదుగా బ్రహ్మంగారిమఠం వెళ్లవచ్చు. వైశాఖ శుద్ధ దశమి నాడు ఆరాధన. జమ్మలమడుగు నుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. కోట లోపల మాధవరాయ ఆలయం, జామియా మసీదు ఒకదాని గోపురం ఒకదానికి కనిపించే దూరంలో ఉంటాయి. ఉగాది అయితే దేవుని కడప. మొహర్రం నెలలో అయితే ఏ పల్లె సావిడైనా సరే.

22. ఇప్పుడు అదే పని హుకుం మీద జరుగుతోంది

ఇస్లాంను చైనా సంస్కృతికి తగినట్టు మలచాలని చైనా ప్రభుత్వం 2018–22 కాలానికి పంచవర్ష ప్రణాళికే వేసింది. మసీదుల గుమ్మటాలు, మినార్లు తీసేసి చైనా వాటం కప్పులు పెట్టించింది. పైకి చూస్తే వాంగ్ దైయూ, లియు జి చేసిన పనే కదా అనిపిస్తుంది. తేడా చిన్నది కాదు. నాన్‌జింగ్‌లో గురువు తన విద్యార్థికి అర్థం కావాలని ఏళ్ల తరబడి ఎదుటివాడి గ్రంథాలు చదివాడు. ముడుమాలలో శిష్యుడు ఇంట్లో కాదన్నా తనకు కావలసిన గురువును వెతుక్కున్నాడు. ఇద్దరూ ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగలేదు. చియన్‌లోంగ్ అడ్డు తొలగాడు, పుస్తకం బతికింది. సింగపూరు నిర్బంధించింది, ఏడెనిమిదేళ్లు కూడా నిలవలేదు. రెండు ధర్మాలు ఒక పాఠంలో కూర్చోవాలంటే గురువుకు ఓపిక, శిష్యుడికి ఇష్టం ఉండాలి. ఆ రెండూ లేకుండా పైనుంచి వచ్చే హుకుం మసీదు కప్పును మార్చగలదు గానీ, లోపల చెప్పే పాఠాన్ని మార్చలేదు.